తట్టి కొలిచిన గ్లాసు

జూన్ 3

వదిన గారికి,

క్షేమసమాచారాలు అడగను. మీరు బాగానే ఉంటారు. కొట్టు తలుపులు వేళకి తెరుస్తున్నారనీ, రొట్టెల అమ్మకం ఏమీ తగ్గలేదనీ అటునుంచి వచ్చినవాళ్లు చెబుతూనే ఉన్నారు. అన్నయ్య పోయి ఆరు నెలలు తిరక్కుండానే ఇంత చక్కగా పనులు సాగుతున్నాయంటే మెచ్చుకోవాల్సిందే.

ఉత్తరం ఎందుకంటారా? ఫోన్లో మనిద్దరం రెండో మాటకే కొట్టుకుంటాం, మూడో మాటకి మీరు పెట్టేస్తారు. పైగా మాది ఒక్కటే గది. నా కుట్టుమిషను, పొయ్యి, అమ్మ మంచం అన్నీ అందులోనే. గుసగుసలాడినా ఆవిడకి వినపడుతుంది.

సంగతి ఇది. అమ్మ తిండి మానేసింది. మీ ఇంటినుంచి వచ్చిన కొత్తలో బెంగ అనుకున్నాను. ఇప్పుడు పొద్దున అర గ్లాసు పాలు, సాయంత్రం నాలుగు చెంచాల సూపు. అంతే. ఆవిడ బట్టలు ఇప్పటికే రెండుసార్లు లోపలికి పట్టి కుట్టాను. ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నాడు డాక్టరు. "ఈ వయసులో గొట్టం వేస్తే మళ్లీ నోటితో తినడం కష్టమమ్మా" అని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి మిషనుమీద కుట్టు సాగటం లేదు.

ఏం కావాలమ్మా అంటే ఒకటే మాట, "పెద్దాడి రొట్టె." బజారు రొట్టె పెడితే వాసన చూసి పక్కకి తోసేస్తుంది.

అందుకని అన్నయ్య రొట్టె కొలతలు రాసి పంపండి. రొట్టే పంపిస్తానంటారేమో, వద్దు. ఇక్కడికి చేరేసరికి ఎండిపోతుంది. ఎండకపోయినా, మీ చేతిమీదుగా వచ్చిందని తెలిస్తే ఆవిడ ముట్టదు. మీ చేతి ముద్ద ఆవిడ ఏనాడు తింది గనక? కింది వాటా ఆవిడ తన ఓవెన్ వాడుకోమంది. నా దగ్గర కాటా లేదు. గ్రాములు వద్దు, గ్లాసుల్లో, చెంచాల్లో రాయండి.

ఉపదేశాలు అక్కర్లేదు.

మీ ఆడపడుచు


జూన్ 7

అమ్మాయ్,

నిన్నమొన్నటిదాకా "నువ్వు" అనేదానివి, ఇప్పుడు "గారు" తగిలించావు. మర్యాద పెరిగిందంటే మనసు విరిగిందని మా నాన్న అనేవాడు. విరిగిందాన్ని అతికించే తీరిక నాకూ లేదులే. మీ అన్నయ్య పోయిన వారానికే పనివాడు మానేశాడు. పిండి బస్తా దించేదీ నేనే, పొయ్యి దగ్గర నిలబడేదీ నేనే, గల్లాపెట్టె దగ్గర నవ్వుమొహం పెట్టేదీ నేనే. తలుపులు వేళకి తెరుస్తున్నది సంబరపడి కాదు. తెరవకపోతే నా నోట్లోకి నాలుగు వేళ్లు పోవు.

అత్తయ్య సంగతి చదివి నాకూ ముద్ద దిగలేదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. ఆవిడని నేను తరిమేశానని నువ్వు నలుగురిలో టాంటాం వేశావట. ఆవిడ సంచి బస్సుదాకా మోసింది నేను. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి ఒక్కసారి నా వైపు చూడలేదు. ఆ సంగతి కూడా నలుగురికీ చెప్పు.

ఇక రొట్టె. మైదా అర కిలో. నీళ్లు మూడొందల పది గ్రాములు. అవును, నీళ్లు కూడా తూచాల్సిందే. పంచదార పాతిక గ్రాములు. వెన్న ముప్ఫై. యీస్టు ఆరు. ఉప్పు పది. పిండి మెత్తగా సాగేదాకా పిసికి, తడిబట్ట కప్పి రెండింతలు అయ్యేదాకా ఉంచు. మళ్లీ ఒకసారి మడిచి, అచ్చులో పెట్టి, అచ్చు అంచుదాకా పొంగనిచ్చి కాల్చు.

గ్లాసుల్లో రాయను. గ్లాసు కొలత కొలతే కాదు. పెళ్లికి ముందు మందుల షాపులో పొడులు తూచి పొట్లాలు కట్టినదాన్ని, ఆ మాత్రం తెలుసు నాకు. ఒకే గ్లాసు, ఒకే బస్తా, ఇద్దరు మనుషులు కొలిస్తే రెండు బరువులు వస్తాయి. కాటా కొనుక్కో. నీ కత్తెరంత ఖరీదు కూడా ఉండదు.

మీ వదిన


జూన్ 11

వదిన గారికి,

ఉపదేశాలు వద్దంటే ఉత్తరంనిండా అవే పంపారు. కడుపు నిండింది. అమ్మకి కూడా అలాగే నిండితే బాగుండును.

కాటా కొనుక్కోవడం తెలీక కాదండీ. కింది వాటా ఆవిడ కాటా అడిగి తెచ్చాను కూడా. మిషను బల్లమీద పెట్టానో లేదో, మంచంమీద మనిషి లేచి కూర్చుంది. లేవడానికి నా చెయ్యి కావాల్సిన మనిషి! "అదెవరిదే?" అంది. "రొట్టె చేద్దామనమ్మా" అన్నాను. "నా పెద్దాడు కాటా పెట్టి చేశాడా రొట్టె? గ్లాసుతో కొలిచేవాడు, నా చెయ్యి చూసి నేర్చుకున్నాడు. ఆ కాటామ్మ రొట్టె నాకొద్దు" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట పాలు కూడా తాగలేదు. కాటామ్మ అంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదనుకుంటాను.

ఒకటే గది అని మొదటి ఉత్తరంలోనే రాశాను. నేను ఏం కొలుస్తున్నానో, దేంతో కొలుస్తున్నానో ఆవిడ కళ్లెదురుగానే ఉంటుంది. కింద తూచి పైకి తెద్దామంటే ఆ ఇంటావిడకి ఇద్దరు పసిపిల్లలు. ఓవెన్లో అచ్చు పెట్టి తీసుకోనివ్వడమే ఎక్కువ. అయినా పిండి ముందే కలిపి తెస్తే అమ్మ ఊరుకుంటుందా? "ఎవరు కలిపారు, ఎక్కడ కలిపారు" అని ప్రాణం తోడేస్తుంది. తన కళ్లముందు, గ్లాసుతో, పెద్దాడు చేసినట్టు చేస్తేనే నోరు తెరుస్తుంది.

ఇక్కడ ఒక ప్రాణం పోతోంది. మీ గ్రాముల పంతం తర్వాత నెగ్గించుకుందురుగాని. మీ దగ్గర కాటా ఉంది, గ్లాసూ ఉంది. ఇందులోది అందులో పోసి చూడటానికి ఎంతసేపు పడుతుంది? అమ్మ పంచి ఇచ్చిన స్టీలు గ్లాసుల్లో సగం మీ దగ్గరే ఉన్నాయి, సగం నా దగ్గరున్నాయి. అన్నీ ఒకే అచ్చువి. ఆ గ్లాసుతోనే చూసి రాయండి.

మీ ఆడపడుచు


జూన్ 15

ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

తమరి ఆజ్ఞ ప్రకారం కొట్టు మూసి, కాటా ముందు కూర్చున్నాను.

కాటామ్మ. ఆ పేరు నాకు కొత్త కాదు. కాపరానికొచ్చిన మొదటి నెలలో వచ్చింది. అప్పట్లో అత్తయ్య పిండి గ్లాసుతో కొలిచి పోసేది. రొట్టె ఒకరోజు దూదిలా, ఒకరోజు చెక్కలా. కొనేవాళ్లు గొణుగుతున్నారు. నేను ఊరుకోలేక ఆవిడ కొలిచిన మూడు గ్లాసులూ కాటామీద పెట్టి చూపించాను. మూడూ మూడు రకాలు. చూపిస్తే చూపించాను, కొనేవాళ్ల ముందు చూపించాను. అది నాదే తొందరపాటు. "నా చేతిని తూచిన పిల్ల చేతి ముద్ద నేను తినను" అంది. అన్నమాట మీద నిలబడింది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. నేను పెట్టిన మంచినీళ్లు తాగేది, నేను వండింది మాత్రం ముట్టేది కాదు. పెళ్లయ్యాక నువ్వు చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి వెళ్లేదానివి, నీకేం తెలుసు?

సరే, లెక్క రాసుకో. మనింటి గ్లాసుతో మైదా నాలుగు గ్లాసులు. నీళ్లు ఒక గ్లాసు, పైన నాలుగు పెద్ద చెంచాలు. వెన్న రెండు పెద్ద చెంచాలు. ఇక టీ చెంచాతో పంచదార ఆరు, యీస్టు రెండు, ఉప్పు రెండున్నర. ప్రతిదీ మూడేసిసార్లు తూచి చూశాను. చెంచాలు అంచుకి సమంగా, గుట్టగా కాదు.

కుదరకపోతే నన్ననకు. గ్లాసు కావాలన్నది నువ్వు.

మీ వదిన


జూన్ 20

వదిన గారికి,

మీరు పంపిన కొలతలతో చేసిన రొట్టె అద్భుతం. మా ఆయన దాన్ని గాలికి కొట్టుకుంటున్న తలుపుకి అడ్డం పెట్టాడు. ఇప్పుడు తలుపు కదలడం లేదు.

మీరు రాసినట్టే చేశాను. అక్షరం పొల్లుపోకుండా. నాలుగు గ్లాసుల మైదా, నీళ్లు మీరు చెప్పినన్నే. పిండి ముద్ద కట్టనే లేదు. పిసికి పిసికి మణికట్లు వాచాయి. రెండింతలవడం అటుంచి, పావు వంతు కూడా పొంగలేదు. ఆశ చావక కాల్చాను. అమ్మ నేను కొలుస్తున్నంతసేపూ దిండుకి ఆనుకుని చూసింది. కళ్లలో ఎంత వెలుగో! "అదీ కొలత అంటే" అని కూడా అంది. తీరా ముక్క కోసి ఇస్తే పన్ను దిగలేదు. "నా పెద్దాడు ఇలాంటిది చెయ్యడు. ఎవరో నిన్ను ఆడిస్తున్నారే" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఎవరు ఆడిస్తున్నారో నాకు తెలుసు. మూడేసిసార్లు తూచానని రాశారే, అంత జాగ్రత్తగా తూచిన మనిషి లెక్క తప్పుతుందా? తప్పలేదు, తప్పించారు. పాత కక్షలు తీర్చుకోవడానికి ఇదా సమయం? అత్తమీద కోపం దుత్తమీద చూపినవాళ్లని విన్నాను గానీ, తిండి మానేసిన అత్తకి రాళ్లు పంపిన కోడల్ని ఇప్పుడే చూస్తున్నా.

ఈ వారం మళ్లీ కిలోన్నర తగ్గింది. డాక్టరు ఆస్పత్రి కాగితం రాసి నా చేతిలో పెట్టాడు. నెలాఖరుదాకా చూద్దామన్నాడు.

నిజమైన కొలత రాస్తారా, రాయరా?

ఆడపడుచు


జూన్ 23

నీకు,

ఆడలేక మద్దెల ఓడు అన్నదట నీలాంటిదే.

నేను తప్పించానా? నీ ఉత్తరం బల్లమీద కొట్టి, వెంటనే మళ్లీ కాటా తీశాను. జల్లించిన మైదా నాలుగు గ్లాసులు, అర కిలో. మళ్లీ పోశాను, అర కిలో. నా లెక్కలో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా ఎక్కడుందో అప్పుడు తట్టింది. నువ్వే రాశావు, "అదీ కొలత అంటే" అని అత్తయ్య మెచ్చుకుందని. ఆవిడ మెచ్చుకుందంటే అది ఆవిడ కొలతే అయుంటుంది. గ్లాసు పిండిలో ముంచావు. నేలకేసి టకటకా తట్టావు. దిగినచోట మళ్లీ పోసి, పైన గుట్ట నిలబెట్టావు. అవునా, కాదా?

ఎందుకు చెయ్యవు! మీ ఇంట్లో పుట్టినవాళ్లందరిదీ అదే చెయ్యి. తట్టకుండా కొలిస్తే ఎదుటివాడికి తక్కువిచ్చిన పాపం తగులుతుందని మీ అమ్మ మీకు ఉగ్గుపాలతో పోసింది. అమ్మేటప్పుడు అది ధర్మమే, నేను కాదనను. కానీ రొట్టెకి ఎవరికి ధర్మం చేస్తున్నావే తల్లీ? నీలాగే తట్టి, గుట్టగా పోసి తూచాను చూడు: గ్లాసు నూట అరవై అయిదు గ్రాములు. నాది నూట పాతిక. నాలుగు గ్లాసులకి నూట అరవై గ్రాముల పిండి ఎక్కువ పడింది. నీళ్లు మాత్రం నేను చెప్పినన్నే. ఇక రాయి కాక ఏమవుతుంది?

"జల్లించి" అని ముందే రాయకపోవడం నా తప్పంటావు. పిండి జల్లించకుండా గ్లాసులో పోసే మనుషులుంటారని నేను అనుకోలేదు. కొట్టులో బస్తా విప్పగానే జల్లిస్తాం, అది కూడా చెప్పాలా?

ఇప్పుడు చెబుతున్నా, చెవులు రిక్కించి విను. పిండి జల్లించు. చెంచాతో గ్లాసులోకి వదులుగా జార్చు. తట్టకు. కుదపకు. గ్లాసు ఎత్తి మళ్లీ పెట్టనుకూడా పెట్టకు. పైన చాకు వీపుతో గీసెయ్. అత్తయ్య చూస్తోందంటావా, ఆవిడకి వీపు తిప్పి కొలువు. దర్జీదానివి, వీపు ఎంత వెడల్పు ఉంటే ఎంత మూస్తుందో నీకు వేరే చెప్పాలా?

కాగితం చేతిలో పెట్టాడన్నావు. నెలాఖరు ఇంకెంతో లేదు. నాతో తగాదా తర్వాత పెట్టుకో, ముందు పిండి జల్లించు.

వదిన


జూన్ 26

వదిన గారికి,

తట్టింది నిజమే. ఒప్పుకుంటున్నాను, సంతోషమా?

జల్లించాను. మంచానికి వీపు తిప్పి కొలిచాను. "ఎందుకే అటు తిరిగావు, చేతిలో ఏం దాస్తున్నావు?" అని అమ్మ అడుగుతూనే ఉంది. వెలుతురు చాల్లేదని అబద్ధమాడాను. పిండి ముద్ద కట్టింది, సాగింది. తడిబట్ట కింద బద్ధకంగానే అయినా పొంగింది. మొత్తానికి రొట్టె రొట్టెలా కనపడింది. కింది పిల్లలు వాసనకి మెట్లమీదకి వచ్చి కూర్చున్నారు.

వేడివేడిగా చిన్న ముక్క అమ్మ నోట్లో పెట్టాను. నమిలింది. మరుక్షణం మొహం వికారంగా పెట్టి చేతిలోకి ఉమ్మేసింది. "ఉప్పుకషాయమే ఇది!" అంది. నేనూ నోట్లో పెట్టుకుని చూశాను. నిజంగానే ఉప్పు. నాలుక చిరచిరలాడింది.

చెంచాలు గుట్టగా వేశావా అంటారు. లేదు. చాకుతో గీశాను. ప్యాకెట్లో మెత్తటి ఉప్పు, చిన్నప్పుడు కొట్టులో అన్నయ్య వేసే ఉప్పే, రెండున్నర చెంచాలు. మీ లెక్కే. దీనికేం సాకు చెబుతారు? రక్తపోటు మనిషికి ఇంత ఉప్పా? గొట్టం దాకా ఎందుకు, మధ్యలోనే పంపించేద్దామనా?

అసలు మిమ్మల్ని అడగడమే నాది బుద్ధి తక్కువ. అన్నయ్య జీవితమంతా ఆ బల్లముందు నిలబడి పిండి పిసికాడు. మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చుని కాటా ఊపారు. పిండిలో చెయ్యి పెట్టని మనిషికి రొట్టె సంగతేం తెలుస్తుంది? అన్నయ్య పోయి నెలన్నా కాకముందే ఆయన ఏప్రాన్ కట్టుకుని, ఆయన బల్లముందు నిలబడ్డారట. అది చూడలేకే అమ్మ సంచి సర్దుకుంది. ఏప్రాన్ కట్టుకున్నంత మాత్రాన చెయ్యి వస్తుందా?

ఆస్పత్రికి మంగళవారం వెళ్లాలి. ఇక మీ కొలతలు చాలు.

ఆడపడుచు


జూన్ 28

అమ్మాయ్,

ఇది పోస్టులో వేస్తే అందదు. అటు వెళ్లే బస్సు డ్రైవరు చేతికిచ్చి, ఇంటికి చేర్చమని కాళ్లావేళ్లా పడ్డాను. మంగళవారంలోగా చదువు.

ముందు ఉప్పు. నేను రాసింది కల్లుప్పు. కొట్టులో వాడేది అదే. పలుకులు పెద్దవి, మధ్యలో ఖాళీలుంటాయి, చెంచాకి నాలుగు గ్రాములే తూగుతుంది. నువ్వేసింది మెత్తటిది, అది ఆరు తూగుతుంది. పది పడాల్సినచోట పదిహేను పడింది. యీస్టు కూడా అందుకే బద్ధకించింది. మెత్తటిదైతే ఒకటిన్నర చెంచా, పైన చిటికెడు. అంతే తేడా. నేను చంపబోలేదు, నువ్వు చావనక్కర్లేదు.

"అన్నయ్య వేసే ఉప్పే" అన్నావు. నిజం. మీ అన్నయ్య మెత్తటి ఉప్పే వేసేవాడు. కల్లుప్పు వేసేది నేను.

అర్థమైందా? కాకపోతే విడమరిచి చెబుతా. ఈ మాట ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. పిండిలో చెయ్యి పెట్టని మనిషినన్నావు చూడు, ఇక ఊరుకోను.

మీ అన్నయ్యకి కుడి భుజం పట్టేసింది. కాఫీ గ్లాసు ఎత్తాలన్నా ఎడమ చెయ్యి సాయం కావాలి. ఇప్పుడు కాదు, నీ పెళ్లయిన మరుసటేడే. అప్పటినుంచి ఆ కొట్టులో కాలిన ప్రతి రొట్టే నేను పిసికిందే, నేను తూచిందే. అత్తయ్య లేవకముందే పిండి కలిపి, అచ్చుల్లో పెట్టేసేదాన్ని. ఆవిడ లేచే వేళకి ఏప్రాన్ విప్పి ఆయనకి కట్టేదాన్ని. చొక్కా చేతులకి ఇంత పిండి కూడా పూసేదాన్ని, నమ్మకంగా ఉండాలని. ఆయన బల్లముందు నిలబడేవాడు, నేను గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. ఎందుకంటావా? నా చేతిదని తెలిస్తే మీ అమ్మ తినదు. కొడుక్కి చెయ్యి పోయిందని తెలిస్తే కుంగిపోతుంది. ఆయన బతిమాలాడు. నేను ఒప్పుకున్నాను.

మీ అమ్మ అన్నేళ్లూ లొట్టలేసుకుంటూ తిన్న పెద్దాడి రొట్టె నాది. ఇప్పుడు కలవరిస్తున్నదీ నాదే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆయన పోయాక ఆవిడకి నిద్ర లేదు. ఒకరోజు తెల్లారకముందే కొట్టులోకి వచ్చింది. నేను పిండిలో ఉన్నాను. "వాడు పోయి నెలకాలేదు, వాడి చోటులో నిలబడతావా?" అంది. ఒక్క మాట చెబితే సరిపోయేది, "ఈ చోటు ఎప్పటినుంచో నాదే అత్తయ్యా" అని. నోటిదాకా వచ్చింది. కొడుకుపోయిన మనిషి దగ్గర కొడుకు రొట్టె కూడా లాక్కోవడానికి నాకు నోరు రాలేదు. తరిమేసిన కోడలు అనిపించుకున్నాను. నువ్వు టాంటాం వేశావు.

ఇక నావల్ల కాదు. పడాల్సినంతా పడ్డాను. సరైన ఉప్పుతో రొట్టె చెయ్యి. ఆవిడ తింటుంది, నాకు తెలుసు. తిన్నాక ఎవరిదో చెప్పు. ఇంతకాలం చేసిందానికి నేను అడుగుతున్నది అదొక్కటే.

వదిన


జూలై 4

వదినకి,

డ్రైవరు ఆదివారం చీకటిపడే వేళకి తెచ్చిచ్చాడు. మంచానికి వీపు తిప్పుకునే చదివాను. రెండుసార్లు చదివాను. మొదటిసారి అబద్ధమనుకున్నాను. రెండోసారి అన్నయ్య నాకు ఎప్పుడూ ఎడమ చేత్తోనే టాటా చెప్పడం గుర్తొచ్చింది.

సోమవారం చేశాను. ఒకటిన్నర చెంచా, పైన చిటికెడు.

తింది. మొదటి ముక్క నోట్లో పెట్టగానే కళ్లు మూసుకుంది. నమలడం మర్చిపోయిందేమో అనుకున్నాను. తర్వాత మింగింది. "పెద్దాడే" అంది. రెండో ముక్క తనే అందుకుంది. మూడోది పాలలో ముంచుకుంది. నేను గిన్నె పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. మంగళవారం ఆస్పత్రికి వెళ్లలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, తిననీ, వారం చూద్దామన్నాడు. ఇవాళ్టికి మూడో రొట్టె నడుస్తోంది.

ఇంకో మాట కూడా అంది. రాయాలా వద్దా అని తన్నుకులాడి రాస్తున్నాను. నోట్లో రొట్టె ఉండగానే అంది, "ఆ కాటామ్మ తలకిందులుగా తపస్సు చేసినా ఈ రొట్టె దానికి రాదే" అని.

అప్పుడు చెబుదామనుకున్నాను. నీమీద ప్రేమతో కాదు. ఆ మాట నాకే చెంపమీద కొట్టినట్టయింది. "అమ్మా, ఈ రొట్టె..." అన్నాను. ఆవిడ కంచం చాపింది, ఇంకో ముక్క కోసం. కోసి పెట్టాను.

చెప్పలేదు. చెప్పను కూడా. నువ్వు ఎన్ని ఉత్తరాలు రాసినా చెప్పను. చెబితే ఆవిడ ఆ ముక్క కిందపెట్టేస్తుంది, మళ్లీ ఎత్తదు. నీకూ తెలుసు ఆ సంగతి. నీ పేరు నిలబెట్టడానికి మా అమ్మ ముక్కులో గొట్టం వేయించలేను. నన్ను తిట్టుకో. నీమీద నా కోపం పోయిందనుకోకు. ఇన్నేళ్లు నా అన్నయ్య చెయ్యి పడిపోతే ఒక్కరూ నాకు చెప్పలేదు, ఆ కోపం ఎక్కడికి పోతుంది? నాచేత ఊరంతా నీమీద చాడీలు చెప్పించి, నన్ను అంత పాపం మూటగట్టుకోనిచ్చావు. అదింకా పెద్ద కోపం.

ఆడపడుచు


జూలై 8

అమ్మాయ్,

కాటామ్మకి ఆ రొట్టె రాదంది, అంతేగా? రాయాల్సిన మాట కాదు. రాశావు. ఆడపడుచు అనిపించుకున్నావు.

చదివి ఎంత మంటెత్తిందంటే, కలిపిన పిండి కలిపినట్టే వదిలేసి కొట్టు మూసేద్దామనుకున్నాను. నువ్వు దొంగవి. మీ అన్నయ్య దొంగ. మీ ఇంటిల్లిపాదీ దొంగలే. నా రెక్కల కష్టం తిని, నా పేరు మింగి, తేన్చారు. నేను అడిగింది ఒక్క మాట. మేడలడిగానా, మాన్యాలడిగానా? ఒక్క మాట! అదీ ఇవ్వలేకపోయావు. కోపం తగ్గి రాస్తున్నాననుకోకు, తగ్గలేదు. తగ్గదు.

మూడు ముక్కలు తిందన్నావు. అంచు తిందా, ఒలిచి పక్కన పెట్టిందా? అది రాయలేదు. ఆవిడకి కింది పళ్లు రెండు కదులుతున్నాయి. ఇంకో పెద్ద చెంచాడు వెన్న వెయ్, ఓవెన్లోంచి తీయగానే పైన బట్ట కప్పు, అంచు మెత్తబడుతుంది. ఉప్పు ఇంకొంచెం తగ్గించు. ఒకటింబావు చెంచా చాలు, రుచి తెలీదు. ఒంటికి మంచిది. పాలల్లో ముంచుకుని తింటే తిననీ, కసురుకోకు.

నాకు ఇక ఉత్తరాలు రాయకు. ఆవిడ మళ్లీ తినడం మానేస్తే మాత్రం అదే రోజు రాయి.

రొట్టె ఎవరిదే అని అడుగుతుంది. రోజూ అడుగుతుంది, అది ఆవిడ అలవాటు. నీ పెద్దాడిదే అమ్మా అని చెప్పు. తడబడకు, మొహంలోకి చూసి చెప్పు. ఇన్నేళ్లూ నేను అలాగే చెప్పాను.

వదిన